పెద్దమ్మ నోట రాని పేరు

మా పెద్దనాయన పేరు రామదాసు. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు చాలా తక్కువ. రాయచూరు బజారులో మా తాత పెట్టిన ఇనుప సామాన్ల దుకాణం ఉండేది. బోర్డు మీద ఉన్నది తాత పేరు, గోవిందప్ప అండ్ సన్స్ అని. తాతకు చేతకాక ఇంటిపట్టున ఉండిపోయాక గద్దె మీద పెద్దనాయన కూర్చున్నాడు. చంద్రబండ నుంచీ జవళగేర నుంచీ గొలుసుల కోసం, గొళ్లేల కోసం, పారల కోసం వచ్చే రైతులు ముందు బోర్డు చూసేవాళ్లు, తరువాత గద్దె మీది మనిషిని చూసేవాళ్లు. రెండూ కలిపి, "గోవిందప్ప సావుకారే, మంచి గడ్డపార ఉంటే తీయండ్రి" అనేవాళ్లు.

మొదట్లో ఆయన సరిదిద్దేవాడట. "నేను కొడుకునప్పా, గోవిందప్ప మా నాయన" అని. రైతులు సరేనని తలూపి, మరుసటి సీజనుకు వచ్చి మళ్లీ గోవిందప్ప అనేవాళ్లు. కొన్నాళ్లకు ఆయన సరిదిద్దడం మానేశాడు. ఆ తరువాత ఆ పిలుపు అలవాటయింది. అంగడి వీధిలో ఎవరైనా వెనక నుంచి "గోవిందప్పా" అంటే పెద్దనాయనే వెనక్కి తిరిగేవాడు. తాత పోయి ఏళ్లు గడిచినా, రోజంతా ఆ పేరు పిలిచే నోళ్లు ఉన్నాయి, దానికి పలికే మనిషి ఉన్నాడు. అందుకే కాబోలు, తాత లేడన్న సంగతి ఆయనకు పూర్తిగా తెలిసింది దుకాణం మూసినాకే.

దుకాణం మూయడానికి పెద్ద కారణమేమీ లేదు. మోకాళ్లు సహకరించలేదు. మా నాన్న వాసు ఎప్పుడో విత్తనాల వ్యాపారంలోకి వెళ్లిపోయాడు. ఆ కట్టడం సొంతదారులు దాన్ని పడగొట్టి కొత్తది కట్టుకుంటామన్నారు. పెద్దనాయన ఎదురు చెప్పలేదు. మిగిలిన సరుకంతా బండికెత్తించి ఇంటికి తెచ్చాడు. బోర్డు మాత్రం దింపుతుండగానే తుప్పుకు విరిగి రెండు ముక్కలైంది.

ఆ తరువాత కొన్ని నెలలు ఆయన ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషిలా తిరిగాడు. ఒకరోజు కూరగాయల మార్కెట్ నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే, "ఇయ్యాల ఒకాయన పిలిచిండే, గోవిందప్ప సావుకారే అని. పక్కన బైకు ఆపి పిలిచిండు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. మా పెద్దమ్మ కమలాక్షి ఆయన చేతిలోని సంచీ అందుకుని లోపలికి చూసింది.

"పిలిచిండు సరే. వంకాయలు యాడ?"

వంకాయలు మర్చిపోయి వచ్చాడు. ఆ సంతోషంలోనే మళ్లీ మార్కెట్‌కు వెళ్లాడు.

రైలు సంగతి మొదలయ్యింది మా నాన్న వల్ల. ఓ సాయంత్రం భోజనాల దగ్గర తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో ఏదో దేశంలో ఒక ముసలాయన తన తోటలో చిన్న పట్టాలు వేసుకుని, మోకాలి ఎత్తు కూడా లేని రైలు నడుపుకుంటున్నాడు. పూల మడుల మధ్య నుంచి బండి పోతోంది. పెద్దనాయన ఆ వీడియో మూడోసారి పెట్టించుకున్నాడు. చేతిలో జొన్నరొట్టె ముక్క ఎండిపోతోంది.

"వాసూ, గిది మనం చెయ్యలేమా?"

"దానికి సామాన్లు బయటి నుంచి తెప్పియ్యాలె అన్నా."

"ఇంటినిండ సామాన్లే ఉన్నయి గదరా. అవి అమ్మినోన్ని, వాడనీకి రాదా?"

చిన్నప్పుడు తాతతో కలిసి సరుకు విడిపించుకోవడానికి గూడ్స్ షెడ్డుకు వెళ్లేవాడట పెద్దనాయన. ఇంజను గూడ్స్ డబ్బాలను ముందుకూ వెనక్కూ నెట్టుతూ కలుపుతుంటే చూస్తూ నిలబడిపోయేవాడు. సరుకు లెక్క చూసుకోమని తాత పంపితే డబ్బాలు లెక్కపెట్టుకుని వచ్చేవాడు. ఆ ఆశ ఇన్నేళ్లూ ఎక్కడుందో మాకెవరికీ తెలియదు.

మా ఇల్లు పాత రాయచూరు ఇళ్లలాగే ముందు ఇరుకు, వెనక పొడుగు. పెరటిని ఇక్కడ మేమందరం హిత్తలు అనే అంటాం. అది కన్నడ మాటని స్కూల్లో చెప్పేదాకా నాకు తెలియదు. ఆ హిత్తల్లో జామచెట్టు, కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ, బోరింగు, గోడవారన బచ్చలి తీగ ఉన్నాయి. పెద్దనాయన వాటన్నిటినీ చుట్టివచ్చేలా దారి గీశాడు. కిటికీలకు వేసే అల్యూమినియం పట్టీలు పట్టాలయ్యాయి. వేపచెక్క ముక్కలు వాటి కింద పరిచాడు. వాటి మధ్య కంకర పోశాడు. బోరింగు పక్కన సిమెంటుతో జానెడు ఎత్తు అరుగు కట్టి, పైన రేకు కప్పి, దాన్ని స్టేషన్ అన్నాడు. ఇంజనుకు బ్యాటరీ డ్రిల్లు మోటారు తీసి పెట్టాడు. డబ్బాలన్నీ నూనె డబ్బాల రేకుతో చేసినవే.

మొదటి ఎండాకాలం రానే వచ్చింది. పట్టాలు వేడికి సాగి, మధ్యలో విల్లులా పైకి లేచాయి. ఒకచోట పట్టీ ఊడి బచ్చలి తీగలో పడింది. పెద్దనాయన నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఇనుము అమ్మి బతికినోనికి ఎండ సంగతి యాదికి లేకపాయె" అని తనలో తనే నవ్వుకున్నాడు. ప్రతి అతుకు దగ్గరా కాస్త సందు వదిలి మళ్లీ అంతా బిగించాడు. ఆ వేసవి ఆయనకు మోకాళ్ల నొప్పి ఉందన్న మాటే ఎవరూ వినలేదు.

పెద్దమ్మ మొదట్లో ఈ పని వైపు కన్నెత్తి చూడలేదు. ఎవరైనా అడిగితే, "హిత్తల్ల పెండ్లికొడుకు ఆడుకుంటున్నడు" అనేది. బండి మొదటిసారి పూర్తి చుట్టు తిరిగిన రోజు మాత్రం వంటింటి గడపలో నిలబడి చూసింది. తరువాత లోపలికి వెళ్లి, దుకాణం నుంచి వచ్చిన పెద్ద రేకు గరాట తెచ్చి, నోటి దగ్గర పెట్టుకుంది.

"ప్రయాణికులకు గమనిక. బోరింగు నుండి బయలుదేరి జామచెట్టు మీదుగా బట్టలబండకు పోవు బండి మరికొద్దిసేపట్లో ఒకటవ నెంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చును."

పెద్దమ్మ పుట్టిల్లు గద్వాల. పుట్టింటికి పోయినప్పుడల్లా రాయచూరు స్టేషన్లో కూర్చుని కూర్చుని ఆ గొంతు ఆమెకు పట్టుబడింది. తెలుగులో అన్నది కన్నడంలోనూ అనేది, తరువాత హిందీలోనూ అనేది, ఆ హిందీలో సగం మన దక్కనీ ఉర్దూ కలిసిపోయేది. ఆదివారం సాయంత్రాలు వీధి పిల్లలు రావడం మొదలైంది. పెద్దమ్మ వాళ్లకు మండాళ్లు, అంటే తిరగవాత పెట్టిన బొరుగులు, పెట్టేది. వాళ్లు వచ్చేది బండి కోసమో పెద్దమ్మ గొంతు కోసమో చెప్పడం కష్టం. "బచ్చలితీగ తొక్కిన ప్రయాణికులకు మండాళ్లు ఇయ్యబడవు" అంటే పిల్లలు గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకునేవాళ్లు.

అన్నీ అమిరాక బండికి పేరు ఒక్కటే మిగిలింది.

పేరు రాయడానికి ఈరప్పను పిలిచారు. ఈరప్ప బోర్డులు రాసే మనిషి. కంప్యూటర్లో అచ్చువేసే బోర్డులు వచ్చాక పని తగ్గింది కానీ, కన్నడం, తెలుగు, ఉర్దూ మూడింటిలోనూ చేత్తో రాయగలిగినవాళ్లు బజారులో ఇంకెవరూ లేరు. మా దుకాణం బోర్డు రాసింది కూడా ఆయనే. రంగు డబ్బాలు అరుగు మీద సర్దుకుని, రైల్వే వాళ్లు వేసే పసుపు రంగు పూసిన రేకు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బరీబేకు చెప్పండి సావుకారే. ఏం రాయాలె?"

"రాయచూరు మెయిల్ అని పెట్టు అన్నా" అన్నాడు మా నాన్న.

"మెయిలంట" అంది పెద్దమ్మ, ఈరప్పకు చాయ్ ఇస్తూ. "జామచెట్టు దాటేసరికి రెండుసార్లు నిలబడతది."

నన్నడిగారు. నేను కృష్ణవేణి అన్నాను. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మేఘమాల అన్నాను.

"రాయచూరుల మేఘం యాడుంది బిడ్డా" అంది పెద్దమ్మ. "ఉన్న ఎండకు పట్టాలే లేస్తున్నయి."

ఈరప్ప నవ్వి కుంచె దులిపాడు. అప్పటిదాకా మాట్లాడని పెద్దనాయన, స్టేషన్ రేకు వైపు చూస్తూ అన్నాడు.

"గోవిందప్ప రైల్వే."

ఎవరూ నవ్వలేదు. ఈరప్ప కుంచె కింద పెట్టి, రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. "పెద్ద సావుకారు" అన్నాడు. పెద్దనాయన, "మూడు లిపుల్ల రాయి ఈరప్పా. అప్పుడు రాసినవు గద, గట్లనే" అన్నాడు.

పెద్దమ్మ చేతిలోని పళ్లెం కిందపెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పెద్దమ్మ మామగారి పేరు పలకదు. పెద్దనాయన పేరూ పలకదు. ఆమె తరం ఆడవాళ్లు చాలామంది అంతే, కానీ పెద్దమ్మ పట్టు వేరు. మామగారిది దేవుడి పేరు కావడంతో ఆమెకు వచ్చిన తిప్పలు ఇంతా అంతా కాదు. తిరుపతిలో క్యూలో ఉన్న జనమంతా గోవిందా గోవిందా అంటుంటే, ఈమె ఒక్కతే శ్రీనివాసా అంటుంది. పక్కవాళ్లు వింతగా చూస్తారు. పాలు పోసే అబ్బాయి పేరు గోవింద్. వాణ్ని ఇన్నేళ్లుగా "పాలాయనా" అనే పిలుస్తోంది. ఒకసారి జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన టీచరమ్మ ఇంటి పెద్ద పేరు అడిగితే, ఇంట్లో మగవాళ్లెవరూ లేరు, పెద్దమ్మ గోడ మీది తిరుపతి దేవుడి పటం చూపించింది. ఆవిడ వెంకటేశప్ప అని రాసుకుని వెళ్లిపోయింది. తాతకు ఈ సంగతి తెలిసి, "పోనియ్ బిడ్డా, లెక్కల నేను లేకపోతే ఏమాయె, ఇంట్ల ఉన్న గద" అన్నాడట. తాత కూడా ఆమెను ఎన్నడూ పేరుపెట్టి పిలవలేదు. ఎప్పుడూ బిడ్డా అనేవాడు.

ఆ సాయంత్రం ఈరప్ప రాసి ఇచ్చిన బోర్డు వసారాలో ఆరుతోంది. నేను అక్కడే కూర్చుని చదువుకుంటున్నాను. పెద్దమ్మ గరాట తెచ్చి పెద్దనాయన ముందు పెట్టింది.

"ఇది మీరే పెట్టుకోండ్రి. ఇగ నేను బండిని పిలవను."

"ఎందుకే?"

"పేరు లేకుండ బండిని ఎట్ల పిలుస్తరు?"

"మామ అను."

"స్టేషన్ల నిలబడి మామ వస్తున్నడు, మామ ఒకటో నెంబరు మీదికి వస్తున్నడు అంటే వీధంత నవ్వుతది."

పెద్దనాయనకూ నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. "కాలం మారింది గదనే. మరదలు అంటది చూడు." మరదలంటే మా అమ్మ.

"ఆమె అంటే అననీ. నాకు నోరు రాదు."

ఆయన బోర్డు మీది రంగు అంటకుండా వేలితో గాలిలో అక్షరాలు దిద్దుతున్నాడు.

"బజార్ల పిలిచేటోళ్లు లేకపాయిరి" అన్నాడు. "మొన్న ఒక్కడు పిలిస్తే వారం రోజులు యాది చేసుకున్న. ఇంట్లనన్న ఆ పేరు వినబడాలె అనుకుంటున్న. నువ్వే వద్దంటే ఎట్ల?"

పెద్దమ్మ ముఖం మెత్తబడింది. కానీ గరాట మాత్రం తీసుకోలేదు.

"పెట్టుకోండ్రి. నేను వద్దన్ననా?" అని లేచింది.

ఆదివారం వచ్చింది. పెద్దనాయన ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. ఇంజను నెత్తిన పసుపు బోర్డు బిగించాడు. గోవిందప్ప రైల్వే. కన్నడం పైన, తెలుగు మధ్యన, ఉర్దూ కింద. గరాట మా నాన్న పట్టుకున్నాడు. ఆయనకు ప్రయాణికులకు గమనిక తరువాత ఏం చెప్పాలో తోచక, "వస్తున్నది, వస్తున్నది" అని ఊరుకున్నాడు. పెద్దమ్మ వంటింట్లో మండాళ్లకు తిరగవాత పెడుతోంది. పోపు వాసన హిత్తలంతా నిండింది.

మొదటి చుట్టు బాగానే సాగింది. బోర్డు చదవడం వచ్చిన పిల్లలు చదివారు. రానివాళ్లు వాళ్లను చూసి అన్నారు. "ఏయ్, గోవిందప్ప వస్తున్నడు, జరుగు." "గోవిందప్ప బండ దాటిండు." "గోవిందప్పకు దారి ఇయ్యి రే." ప్రతి మాటకూ పెద్దనాయన తల ఎత్తుతున్నాడు. గద్దె మీద కూర్చున్నప్పుడు ఎత్తినట్టే. నా పక్కన నిలబడి, ఎవరికీ వినబడకుండా, "ఊ" అంటున్నాడు.

రెండో చుట్టులో జామచెట్టు మలుపు దగ్గర పట్టా మీద ఒక పచ్చికాయ రాలి ఉంది. ఇంజను దాని మీదకు ఎక్కి, ఒక్క క్షణం ఆగి, పక్కకు ఒరిగి వెల్లకిలా పడింది. చక్రాలు గాలిలో తిరుగుతూనే ఉన్నాయి.

"గోవిందప్ప పడ్డడు" అని ఒకడు కేక పెట్టాడు.

"గోవిందప్ప పడ్డడు, గోవిందప్ప పడ్డడు" అని మిగతావాళ్లు అందుకున్నారు. "కాళ్లు మీదికి పెట్టిండు చూడు." "లేపుండ్రి రే గోవిందప్పను, లేస్తలేడు." నవ్వులే నవ్వులు. పిల్లలకేం తెలుసు. వాళ్లకది బండి.

పెద్దనాయన నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇంజను వైపు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అప్పుడు వంటింటి గడప దాటుకుని పెద్దమ్మ వచ్చింది. చెప్పులు లేవు, చేతికి పసుపంటి ఉంది. పిల్లల మధ్య నుంచి వంగి ఇంజనును రెండు చేతులతో ఎత్తి, కొంగుతో దుమ్ము తుడిచి, నిలబెట్టింది. స్విచ్చు తానే ఆపింది.

"ఆట అయిపాయె. మండాళ్లు తినుండ్రి" అంది.

పిల్లలు తిని వెళ్లిపోయారు. మా నాన్న కూడా వెళ్లిపోయాడు. నేను పళ్లాలు ఏరుతున్నాను. పెద్దనాయన బట్టలబండ మీద కూర్చున్నాడు. పెద్దమ్మ ఆయనకు ఎదురుగా, స్టేషన్ అరుగు పక్కన నేల మీద కూర్చుంది.

"మామ గూడ ఈడనే పడ్డడు" అంది.

పెద్దనాయనకు వెంటనే అర్థం కాలేదు. "ఏ మామ?"

"మీ నాయన. ఆఖరి దినాలల్ల. స్నానానికని వచ్చి బోరింగు కాడ జారిండు ఒకసారి. ఇంకోసారి ఊరికెనె నిలబడ్డ మనిషి నిలబడ్డట్టె పడ్డడు. మీరు దుకాణంల ఉంటిరి. నేనే లేపిన."

"నాకు చెప్పలే."

"చెప్పనియ్యలే. నేను లేపుతుంటెనే అన్నడు, వానికి చెప్పకు బిడ్డా, గద్దె మీద కూసున్నోని మనసు దుకాణంల ఉండాలె, ఇంటి మీద ఉండొద్దు అని."

"ఆయన పోయినంకనన్న చెప్పొద్దా?"

"చెప్పకు అన్నడు గద. పోయినంక చెప్పు అనలే."

పెద్దనాయన తల వంచుకున్నాడు. "దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. ఇప్పుడే జరిగినట్టు అడిగాడు.

"మోచెయ్యి గీసుకుపోయింది. కొబ్బరినూనె రాసిన. పొడుగు చేతుల అంగీ తొడుక్కుని మీతోపాటు అన్నానికి కూసున్నడు. మీరు చూడలే."

నేను పళ్లాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. లోపలికి వెళ్లాలని తెలుసు.

"బండి అన్నంక పడ్తది" అంది పెద్దమ్మ. "దినాం పడ్తది, కాయకు పడ్తది, రాయికి పడ్తది, కోతి వస్తే పడ్తది. పిల్లలు దినాం అంటరు, పడ్డడు పడ్డడు అని. నాకు ఇనబుద్ధి కాదు. మీకు ఇనబుద్ధి అయితే చెప్పుండ్రి."

"మరి పేరు అనరాదనే గద నువ్వు..."

"అది గూడ ఉంది" అంది పెద్దమ్మ, కాస్త కోపంగా.

పెద్దనాయన లేచి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, ఇంజను మీది బోర్డు విప్పాడు. విప్పి చేతిలో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇటూ అటూ చూశాడు.

"ఇంట్ల గూడ లేకపోతే, నాయన పేరు ఇగ యాడ ఉంటదే?"

పెద్దమ్మ లేచి, నా చేతిలోని పళ్లాలు అందుకుని లోపలికి నడిచింది.

ఆ తరువాతి రోజుల్లో బండి కదల్లేదు. పెద్దనాయన పేపరు చదివేవాడు, పేపరు అయిపోతే మడిచి మళ్లీ తెరిచేవాడు. మా నాన్న వచ్చి, పట్టాలకు నూనె వేద్దామా అంటే, రేపు చూద్దాం అన్నాడు. పెద్దమ్మ రోజూ పట్టాల మీది ఆకులు ఊడ్చేది. జామకాయలు ఏరి గిన్నెలో వేసేది. ఊడుస్తూ మధ్యలో ఆగి, చీపురు పట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడేది.

ఒక పొద్దున ఆమే ఈరప్పకు ఫోన్ చేయించింది. నాతోనే చేయించింది. ఈరప్ప రంగు డబ్బాలతో వచ్చి, ఇంజను నెత్తి ఖాళీగా ఉండటం చూసి కంగారుపడ్డాడు.

"నా రాతల తప్పు పోయిందా సావుకారే?"

"నీ రాతల తప్పు లేదు ఈరప్పా" అంది పెద్దమ్మ. పెద్దనాయన పేపరు దించి చూశాడు. "ఇది హిత్తల్ల తిరిగే బండి. పెద్ద పేర్లు మొయ్యలేదు. హిత్తల బండి అని రాయి. పడ్డా లేచినా ఎవ్వరికి ఏం కాదు."

"హిత్తల బండి" అన్నాడు ఈరప్ప, నోట్లో పెట్టుకుని చూసుకుంటున్నట్టు. "బాగుంది అమ్మా. కన్నడం వాళ్లకు గూడ తెలుస్తది."

"మరి ఆ బోర్డు?" అన్నాడు పెద్దనాయన.

పెద్దమ్మ ఆ బోర్డును కొంగు కింది నుంచి తీసినట్టు తలుపు వెనక నుంచి తీసింది. ఎప్పుడు తెచ్చి అక్కడ పెట్టిందో. పేరు ఉన్న వైపు చూపు పోకుండా, రైల్వే అన్న మాట మీద వేలు పెట్టింది.

"ఈ మాట మీద పసుపు పుయ్యి. మూడు చోట్ల పుయ్యి. ముందటి మాట అట్లనే ఉండని."

"ఏం చేస్తవు దాంతోని?"

"బండి పడ్తది" అంది. "స్టేషన్ పడదు గద. సిమెంటుతోని కట్టిన్రు. ఎన్ని బండ్లు వచ్చినా పోయినా అది ఆడనే ఉంటది. గద్దె లెక్క."

పెద్దనాయన కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు. తరువాత లేచి మేకులు వెతకడానికి వెళ్లాడు. ఇంటినిండా మేకులున్న మనిషి, సరైన మేకు దొరకలేదని ఎంతోసేపు లోపలే ఉన్నాడు.

స్టేషన్‌కు బోర్డు బిగించడం ఆయనే చేశాడు. రెండు చిన్న ఇనుప కమ్ములు సిమెంటులో పాతి, మధ్యలో బోర్డు నిలబెట్టి, వంకర ఉందేమో అని దూరం వెళ్లి చూసి, దగ్గరకు వచ్చి సరిచేసి, మళ్లీ దూరం వెళ్లాడు. ఆయన అలా చూస్తుంటే ఈరప్ప నాతో నెమ్మదిగా అన్నాడు, "దుకాణం బోర్డు ఎక్కించిన రోజు పెద్ద సావుకారు గూడ రోడ్డు అవతలికి పోయి గిట్లనే చూసిండమ్మా. రిక్షా వచ్చి గుద్దబోయింది."

"గరాట ఎవరు పడ్తరు?" అని అడిగాడు పెద్దనాయన ఆ సాయంత్రం.

"చూద్దాం" అంది పెద్దమ్మ.

ఆదివారం పిల్లలు వచ్చారు. కొత్త పేరు చదివి, హిత్తల బండి అంటే తమ ఇంటి వెనక కూడా తిరుగుతుందా అని అడిగారు. పెద్దనాయన స్టేషన్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఇంజను జామచెట్టు అవతల బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. స్విచ్చు దగ్గర మా నాన్న ఉన్నాడు. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది, చేతులు తుడుచుకుంది, గరాట అందుకుంది. పిల్లలు వెంటనే సద్దుమణిగారు.

"ప్రయాణికులకు గమనిక. జామచెట్టు నుండి బయలుదేరిన హిత్తల బండి మరికొద్ది సేపట్లో..."

అక్కడ ఆగింది.

పిల్లలు ఆమె వైపు చూశారు. మర్చిపోయిందనుకుని ఒక అమ్మాయి, "స్టేషన్‌కు అనాలె అవ్వా" అని అందించింది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. బండి కరివేపాకు చెట్టు దాటుతోంది. ఆమె గరాటను నోటి నుంచి తీసి, దాని వెడల్పు నోరు పిల్లల వైపే ఉంచి, సన్నటి కొసను పీట మీద కూర్చున్న పెద్దనాయన ముందుకు చాచింది.

ఆయన ఆమె ముఖం చూశాడు. గరాట చూశాడు. తండ్రి పేరు అడిగినవాళ్లకు ఎన్నోసార్లు చెప్పిన మనిషే, కానీ నలుగురి మధ్యా గొంతెత్తి పిలిచింది లేదు. ఏ కొడుకు పిలుస్తాడు?

"గోవిందప్ప" అన్నాడు, సన్నగా.

"వినబడలే" అంది పెద్దమ్మ. "వెనకున్న ప్రయాణికులకు వినబడలే."

"గోవిందప్ప."

"...స్టేషన్‌కు చేరుకొనును" అని ఆమె గరాట వెనక్కి లాక్కుని పూర్తిచేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె ఆగకుండా కన్నడంలో మొదలుపెట్టింది. పేరు రావలసిన చోట మళ్లీ ఆగింది, గరాట మళ్లీ చాచింది. ఈసారి ఆయన గొంతు గోడ దాటింది. పక్కింటివాళ్లు ఏమైందోనని మిద్దె మీంచి తొంగిచూశారు.

మూడోసారి హిందీ. "హిత్తల బండీ థోడీ దేర్ మే..." అని పెద్దమ్మ ఇంకా గరాట తిప్పనే లేదు. పెద్దనాయన పీట మీంచి లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, బజారు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పిలుస్తున్నట్టు, వాళ్ల నాయనను పేరుపెట్టి పిలిచాడు.